గ్వాంగ్‌జౌలో గది తీసుకునే ముందు

ఒరేయ్ శ్రీనూ,

లైట్ల కొట్టుకి సరుకు చూడటానికి అక్టోబరులో చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్తున్నావటగా, శుభం. గది ఎక్కడ తీసుకోమంటావని అడిగావు. ముందు తేదీ తేల్చుకో. అక్కడి పెద్ద వ్యాపార ప్రదర్శన కాంటన్ ఫెయిర్ మూడు విడతలుగా జరుగుతుంది. లైట్లు, ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ మొదటి విడతలో, అంటే అక్టోబరు 15 నుంచి 19 వరకు. 23న మొదలయ్యే రెండో విడతకి వెళ్తే నీకు గిన్నెలూ, బాత్రూం సామానూ కనబడతాయి తప్ప ఒక్క బల్బు దొరకదు.

ఆ వారంలో ఫెయిర్ జరిగే పాజౌ ప్రదర్శనశాల చుట్టుపక్కల గదుల ధర రెండింతలు, మూడింతలు పలుకుతుంది. మామూలు రోజుల్లో 250 నుంచి 350 యువాన్లకి శుభ్రమైన గది దొరికే ఊరది. యువాన్ మన లెక్కలో ఇంచుమించు 12, 13 రూపాయలు. కాబట్టి పాజౌలో దిగకు. చాంగాంగ్ గానీ, దాని పక్క స్టేషన్ జియాంగ్‌నాన్‌షీ గానీ చూడు. చాంగాంగ్‌లో మెట్రో 2వ లైను, 8వ లైను కలుస్తాయి. అక్కణ్ణుంచి 8వ లైనులో ఏడో స్టేషను షిన్‌గాంగ్‌దోంగ్, దిగితే ప్రదర్శన గేటే. 2వ లైను తిన్నగా గ్వాంగ్‌జౌ సౌత్ రైల్వే స్టేషనుకి పోతుంది. ఇది నీకు ఎందుకంటే, లైట్ల ఫ్యాక్టరీలు గుట్టలుగా ఉన్న గుజెన్ ఊరికి రైలు ఎక్కేది అక్కడే. ఎయిర్‌పోర్టు నుంచి అయితే 3వ లైను పట్టుకుని కెచున్‌లో 8వ లైనుకి మారడమే.

హోటల్ నుంచి మెట్రోకి దూరం చూసేటప్పుడు స్టేషను పేరు చూసి సరిపెట్టుకోకు, ఏ ఎగ్జిట్ దగ్గరో చూడు. పెద్ద స్టేషన్లలో ఒక ఎగ్జిట్‌కీ ఇంకో ఎగ్జిట్‌కీ మధ్య పది నిమిషాల నడక ఉంటుంది, శాంపిళ్ళ సంచీతో అది చిన్న దూరం కాదు. గూగుల్ మ్యాప్‌ని మాత్రం నమ్మకు. చైనాలో మ్యాపులకి వేరే కొలమానం వాడతారు, అందుకని చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకి పడుతుంది. "ఆమ్యాప్" (Amap) అనే చైనా వాళ్ళ మ్యాప్ యాప్ వేసుకో. హోటల్ పేరూ చిరునామా చైనీస్ లిపిలో ఫోటో తీసి పెట్టుకో. టాక్సీ అతనికి మన ఉచ్చారణ అర్థమవుతుందన్న ఆశ వద్దు.

గొలుసు హోటళ్ళలో హాన్‌టింగ్ చవక, గది చిన్నది. జీ దానికంటే ఒక మెట్టు పైన, అటూర్ ఇంకో మెట్టు. నీకు జీ సరిపోతుందని నా అభిప్రాయం. చాలా శాఖల్లో బట్టలు ఉతుక్కునే మిషన్ ఊరికే వాడుకోవచ్చు, ఐదు రోజులకి రెండు చొక్కాలతో గడిచిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. విదేశీయుడు ఎక్కడ పడుకున్నా 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు కావాలి. హోటల్లో దిగితే ఆ పని వాళ్ళే చేస్తారు. అనుమతి లేదన్న సాకుతో విదేశీయుల్ని తిప్పి పంపకూడదని 2024లో ప్రభుత్వం చెప్పింది. అయినా చిన్న హోటల్లో కౌంటర్ పిల్లకి పాస్‌పోర్టు ఎక్కించడం రాక "లేదు లేదు" అనేయొచ్చు. అందుకే ట్రిప్.కామ్‌లో బుక్ చేశాక హోటల్‌కి మెసేజి పెట్టు: "భారతీయ పాస్‌పోర్టు, ఫలానా తేదీ, గది ఇస్తారా?" అని. జవాబు స్క్రీన్‌షాట్ దాచుకో. డబ్బు వెనక్కి రాని బుకింగ్ జవాబు వచ్చాకే. కౌంటర్లో పాస్‌పోర్టు, వీసా పేజీ, దిగిన ముద్ర మూడూ అడుగుతారు. ఎవరో తెలిసినవాళ్ళ ఫ్లాట్‌లో పడుకుంటే మాత్రం ఆ నమోదు నువ్వే చేయించుకోవాలి, అది మరిచిపోయి జరిమానా తెచ్చుకోకు.

గదిలోకి రానిచ్చేది సాధారణంగా మధ్యాహ్నం 2కి, ఖాళీ చేయాల్సింది 12కి. రాత్రి విమానం ఎక్కితే తెల్లారకముందే దిగుతావు. అలాంటప్పుడు ముందు రాత్రికి కూడా గది తీసుకో, లేకపోతే సూట్‌కేసు కౌంటర్లో పెట్టి తిరిగిరా. ఉంచడానికి డబ్బులు తీసుకోరు. ఖాళీగా ఉంటే మూడు, నాలుగు గంటలకి గది ఇచ్చే పద్ధతీ ఉంది, దాన్ని "జోంగ్‌దియన్‌ఫాంగ్" అంటారు.

కొన్ని చోట్ల డిపాజిట్ అడుగుతారు, వాళ్ళ మాటలో "యాజిన్". 100 నుంచి 300 యువాన్లు. నోట్లతో ఇవ్వు, రసీదు తీసుకో. కార్డు మీద పెడితే తిరిగి రావడానికి రోజులు పడుతుంది. మన ఫోన్‌పే, గూగుల్‌పే అక్కడ పనికిరావు. బయల్దేరేముందే ఇంటి దగ్గర అలిపేలో (అక్కడి చెల్లింపుల యాప్) పాస్‌పోర్టు ఎక్కించి, వీసా కార్డో మాస్టర్‌కార్డో జోడించు. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చెయ్యడం మరవకు. విదేశీ కార్డుతో ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం కోత ఉంటుంది. గది అద్దెని ముందే ట్రిప్.కామ్‌లో కట్టేస్తే ఆ బాధ ఉండదు.

గది ఎంచుకునేటప్పుడు కిటికీ ఉందో లేదో చూడు. చవగ్గా కనబడేవి చాలావాటికి కిటికీ ఉండదు. "లోపలి కిటికీ" అని రాస్తే అది వరండాలోకి తెరుచుకునేదే. గ్వాంగ్‌జౌ గాలిలో తేమ ఎక్కువ. బాత్రూం ఆవిరి బయటికి పోయే దారి లేక పరుపులో, కర్టెన్లో నిలిచి బూజు వాసన కొడుతుంది. ఎప్పుడైనా ఏప్రిల్ ఫెయిర్‌కి వెళ్తే ఇంకా జాగ్రత్త. వసంతకాలంలో "హుయ్‌నాన్‌తియన్" అని ఒక కాలం వస్తుంది, గోడలూ నేలా చెమట పట్టినట్టు తడుస్తాయి. అప్పుడు కిటికీ మూసి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టాలి. మనలాగా కిటికీ తెరిచి ఆరబెట్టబోతే తేమ ఇంకా లోపలికొస్తుంది. సిగరెట్ వాసన పడకపోతే "వూయన్‌ఫాంగ్" కావాలని రాయి.

నువ్వూ బావమరిదీ కలిసి వెళ్తే మంచాలు రెండున్న గది అడుగు, "ష్వాంగ్‌చ్వాంగ్". బాత్రూం ఫోటోలు కూడా చూడు, ఎందుకంటే గదికీ స్నానానికీ మధ్య అద్దం గోడ ఉండేవి చాలా! తెర ఉందో లేదో తేల్చుకో. కడుక్కోడానికి జెట్ ఉండదు కాబట్టి ఒక ప్లాస్టిక్ మగ్గు సర్దుకో. మన రెండు పుల్లల ఫోన్ ఛార్జర్ కొన్నిచోట్ల పట్టొచ్చు, మూడు పుల్లల ప్లగ్ మాత్రం పట్టదు, అడాప్టర్ కావాలి. కరెంటు 220 వోల్టులే, ట్రాన్స్‌ఫార్మర్ గోల లేదు. బ్రష్షు, దువ్వెన గదిలో లేకపోతే కౌంటర్లో అడుగు, చాలాచోట్ల రోబో తీసుకొచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది.

హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ తెరుచుకోవు. మన సిమ్‌కి రోమింగ్ ప్యాక్ వేసుకుంటే పనిచేస్తాయి, ఆ డేటా మన దేశం మీదుగా వెళ్తుంది కాబట్టి.

టిఫిన్‌లో గంజి లాంటి తెల్ల జావ, ఉడికించిన గుడ్లు, సోయా పాలు ఉంటాయి. కూర పెట్టిన బన్నుల్లో మాంసం కలిసే ప్రమాదం ఉంది, "వొ చ్‌ సు" అంటే "నేను శాకాహారిని" అని. పంపు నీళ్ళు తాగకు, గదిలో కెటిల్ ఉంటుంది, కాచుకో. ఇంటినుంచి ఉప్మా పొట్లాలు తెచ్చుకుంటే వేడి నీళ్ళు గిన్నెలో పోసి కలుపుకో, కెటిల్లో వండకు. అడుగంటితే డిపాజిట్‌లో కోసేస్తారు.

మెట్లెక్కేటప్పుడు గుర్తుంచుకో, వాళ్ళ ఒకటో అంతస్తు అంటే మన గ్రౌండ్ ఫ్లోరే. గది నంబరు 205 అంటే ఒక్క అంతస్తు ఎక్కితే చాలు.

ఖాళీ చేసే రోజు అరగంట ముందే దిగు. గది చూసొచ్చాకే డిపాజిట్ ఇస్తారు. కొట్టు లెక్కల్లో చూపించుకోవాలంటే "ఫాపియావ్" అని అడుగు, అధికారిక బిల్లు అదే. కంపెనీ పేరు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి కౌంటర్‌కి ఇవ్వు.

తేదీ ఖాయమయ్యాక చెప్పు, చాంగాంగ్ చుట్టూ రెండు మూడు హోటళ్ళ పేర్లు పంపిస్తా.

నీ
ప్రసాదు