వార్త చదివే ముందు వాళ్లకు పది నిమిషాలు ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మేం మేడ మీద ఉన్నాం. కింద వాటా నీళ్లలో ఉంది, కరెంటు లేదు, మా ఆయన ఫోన్లో పన్నెండు శాతం చార్జింగ్ మిగిలింది. ఆ కాస్తా హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు చేసిన ఫోన్లకే అయిపోయింది. టీవీలో యాంకర్ అరుస్తుంటే టెన్షన్ తట్టుకోలేక ఏడుస్తూ మళ్లీ మళ్లీ చేసింది పాపం. పడవలు ఎటు నుంచి వస్తున్నాయి, పాలు, మంచినీళ్లు ఎక్కడ ఇస్తున్నారు, నీళ్లు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని అడిగితే, "అవేం చెప్పట్లేదు వదినా, మునిగిపోయింది మునిగిపోయింది అంటున్నారంతే" అంది.

దానికి ఐదు నెలల ముందే, ఏప్రిల్ 5న, దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు పోయారు. ఆ రోజు మేడ మీద నాకు ఆయన గొంతే గుర్తొచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్‌లో 1978లో చేరినా, తెలుగు వార్తలు మొదలై ఆయన తెర మీద కనిపించింది 1983 నవంబరు 14న. ఎదురుగా అక్షరాలు నడిపించే టెలీప్రాంప్టర్ లేని రోజులు. కాగితాలు ముందే చదువుకుని, చాలావరకు కంఠతా పట్టి, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. 2011లో రిటైరయ్యేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నారు.

మా నాన్న గాంధీనగర్‌లో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే పని. ఎంత కడిగినా గోళ్ల చివర సిరా నలుపు పోయేది కాదు. గడిలోంచి 'ధ' బదులు 'ద' వస్తే పేజీ పాడవుతుంది కాబట్టి ఆయన చెవి కూడా అలాగే తయారైంది. ఏడు గంటల వార్తలకు పక్కింటి వాళ్ల వరండాలో చాప మీద కూర్చుని, శాంతిస్వరూప్ 'ప్రధాని' అన్నా, 'విద్యార్థులు' అన్నా తల ఊపేవారు. "ఒత్తు ఒక్కటి జారనివ్వడు చూడు" అని మాతో అనేవారు. ఇప్పుడు 'ప్రదాని', 'బారత్', 'విద్యార్దులు' వింటుంటే నాకు నాన్న వేళ్లే కళ్లముందు మెదులుతాయి.

అలాగని తప్పంతా ఇప్పుడు వార్తలు చదివే ఈ పిల్లలదని నేను అనను. మా అక్క కూతురు ఒక చానల్లో వార్తలు చదువుతుంది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి, మేకప్ వేసుకుని కూర్చునేసరికి చేతిలో కాగితం ఉండదు. చెవిలో ప్రొడ్యూసర్ మాట, కళ్ల ముందు ప్రాంప్టర్ పరుగు, దాంట్లో అచ్చుతప్పులుంటే అవీ చదివేయాల్సిందే. మధ్యలో బ్రేకింగ్ వస్తే ఏ ఊరో ఏ వాగో తెలియకుండానే అరగంట మాట్లాడాలి. చెప్పడానికి ఏమీ లేనప్పుడు మనిషి గొంతు పెంచక ఏం చేస్తుంది? జీతం ఏ నెలకు ఆ నెల వచ్చేది కూడా తక్కువే. "ముందు చదువుకోడానికి పది నిమిషాలు ఇవ్వమను పిన్నీ, నేనూ బాగా చదువుతాను" అంది మొన్న.

కాబట్టి నేను అడిగేవి రెండే. చానళ్ల వాళ్లు బులెటిన్‌కు ముందు ఆ పది నిమిషాలు ఇవ్వాలి, ఏ ఊరి వార్తయితే ఆ ఊరి పేర్లు, దారులు తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టాలి. రెండోది, దూరదర్శన్ సప్తగిరి వాళ్లు నవంబరు 14న సాయంత్రం ఏడింటికి శాంతిస్వరూప్ గారు చదివిన పాత బులెటిన్ ఒకటి, కోతలు లేకుండా మొత్తం వేయాలి. మా అక్క కూతురికి ఆ రోజు ఉదయం షిఫ్టే అయితే, సాయంత్రానికి మా ఇంటికి రమ్మంటాను.

ఒక పాఠకురాలు,
సింగ్‌నగర్, విజయవాడ