మేష్టారివి కాబోతున్నావుగా, గిడుగు గారి గురించి కాస్త మాట్లాడుకుందాం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చూసి చాలా సంతోషం వేసింది. బీఎడ్ అయిపోవస్తోందంటే నమ్మలేకపోయాను. పిల్లలు మాట వింటారో లేదో, క్లాసు అదుపులో ఉంటుందో లేదో అని ఒకటే టెన్షన్ పడుతున్నావు. దానికి నా దగ్గర చిట్కాలు లేవు. గిడుగు రామమూర్తి గారి సంగతులు మాత్రం కొన్ని చెప్పాలనుంది.

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 రాగానే ఫొటోకి దండ వేసి, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలన్న ఆయన వ్యావహారిక భాషోద్యమం గురించి ఉపన్యాసాలిస్తాం. ఆయన బడిపంతులన్న సంగతి మాత్రం వెనక్కి పోతుంది. నాకు ఆ పంతులే ఇష్టం.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరేనాటికి ఆయన ఇంకా కుర్రవాడే. చుట్టూ కొండల్లో సవరలనే గిరిజనులుండేవారు, వాళ్ళ భాషా సవరే. వాళ్ళకు చదువు చెప్పాలనిపించింది. ఇంకొకరైతే ముందు వాళ్ళకు తెలుగు నేర్పేవారు. ఈయన తనే సవర నేర్చుకోవడానికి కూర్చున్నారు. చూసుకోవడానికి నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట వెంట మాట విని రాసుకున్నారు. కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోయింది. భాషను చెవితో పట్టుకోవలసిన మనిషికి అంత నష్టం జరిగినా పని ఆపలేదురా. అది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసేశాను.

తరవాత సవరలోనే వాచకాలు, కథలు, పాటలు రాశారు. సొంత డబ్బుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇస్తానంటే, నాకొద్దు, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టండి అన్నారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయన డెబ్భైకి దగ్గరపడ్డారు. పిల్లల మీద ప్రేమ ఉంటే చాలని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు, నేనొప్పుకోను. ఆ ప్రేమకి ఆయన పెట్టిన చాకిరీ చూడు!

చరిత్ర చెప్పేటప్పుడూ అంతే. పాఠంలో ఉన్నది అప్పజెప్పి ఊరుకోలేదు. ముఖలింగం గుడిలో శాసనాలు చదవడం తనంతట తనే నేర్చుకున్నారు.

తెలుగు గొడవ కూడా బడిలోంచే వచ్చింది. యేట్స్ అనే విద్యాధికారికి ఒక సందేహం కలిగింది: జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఇంకొకటి, ఎందుకిలా? గిడుగు గారు ఆ ప్రశ్నని వదల్లేదు. పిల్లవాడు తప్పు రాశాడని కొట్టేముందు, వాడి నోట ఉన్న మాటకి బడిలో చోటుందా అని చూశారు. పండితులు ఎంత విరుచుకుపడినా వెనక్కి తగ్గలేదు.

అందుకే నాకనిపిస్తుంది, క్లాసు అదుపు గురించి నువ్వు పడే బెంగ తరవాతి సంగతి. పాఠం తలకెక్కని పిల్లవాణ్ణి మొద్దు అనుకోకముందు, మనం చెప్పే మాట వాడింట్లో వినబడే మాటేనా అని చూడాలి. ఇప్పటికీ చాలామంది పిల్లలకి బడి భాష ఒకటి, ఇంటి భాష ఒకటి. వాళ్ళ భాషలో నువ్వు పది మాటలు నేర్చుకుని పలికినా, తప్పుగా పలికినా సరే, వాళ్ళే నవ్వుతూ దిద్దుతారు. అక్కణ్ణించి నీకు పాఠం చెప్పడం సులువవుతుంది.

టీచింగ్ ప్రాక్టీస్‌కి ఏ బడి ఇచ్చారో రాయలేదు. అక్కడి పిల్లలు ఇంట్లో ఏం మాట్లాడతారో కనుక్కుని రాయి. సవర అయితే మరీ మంచిది, గిడుగు గారి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో నేను వెతికి పెడతాను.

నీ
రాజు