చేరడం వేరు, కట్టడం వేరు

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సూరిగా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకుంటే తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం. మీ చెల్లెమ్మకి మోకాలి నొప్పి కాస్త నయం, మేడ మీద గది ఇంకా కారుతూనే ఉంది, పెద్దోడు వైజాగ్‌లోనే. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతికొస్తాను, లేకపోతే అన్నం సయించేలా లేదు.

నీ ఉత్తరం చివర్న ఏటి రాశావు? మేనకోడలి మెల్‌బోర్న్ ఫీజు బిల్లులో ‘స్టూడెంట్ సర్వీసెస్ అండ్ ఎమెనిటీస్ ఫీజు’ అని ఒక వరస ఉందట. చూశావా, అక్కడ కూడా విద్యార్థి యూనియన్‌లో చేరకపోతే చదువు లేదు, సభ్యత్వం తప్పనిసరి చేస్తేనే సంఘం నిలుస్తుందని నేనెప్పట్నించో మొత్తుకుంటున్నానూ అని రాశావు. పైగా గంటస్తంభం దగ్గర మీరు పడ్డ పాత వాదం ఎత్తి, ‘గంటస్తంభం తీర్పు తిరగబడింది’ అని కింద రెండు గీతలు గీశావు. తిరగబడలేదురా! ఆ బిల్లు చెప్పేది నీ మాటా కాదు, చేరడం ఎవరిష్టం వాళ్లదనే మన లాంతర్లాయన మాటా కాదు. మీ ఇద్దరూ ఇన్నాళ్లూ రెండు వేర్వేరు సంగతుల్ని ఒకటే అనుకుని కొట్టుకున్నారు.

ముందు బిల్లు సంగతి. ఆస్ట్రేలియాలో ఏ యూనివర్సిటీ అయినా సరే, విద్యార్థిని యూనియన్‌లో చేరమని బలవంతం చెయ్యకూడదు. 2005 డిసెంబరులో చట్టం చేశారు, 2006 జూలై 1 నుంచి అమలు. అప్పటిదాకా చాలా చోట్ల చదువులో చేరేటప్పుడే యూనియన్ ఫీజు వసూలు చేసేవారు. ఆ చట్టం సభ్యత్వ నిర్బంధాన్నీ తీసేసింది, నిర్బంధపు ఫీజునీ తీసేసింది. తరవాత 2011లో ఇంకో చట్టం వచ్చి ఫీజుని మాత్రం వెనక్కి తెచ్చింది. సభ్యత్వం తేలేదు. నీ మేనకోడలి బిల్లులో ఉన్నది ఈ రెండోది. అది యూనియన్‌కి కట్టేది కాదు, యూనివర్సిటీకి కట్టేది. గరిష్ఠం ఇంతని ప్రభుత్వం ఏటా చెబుతుంది: 2012లో 263 డాలర్లు, 2025లో 365. పార్ట్ టైమ్ వాళ్ల దగ్గర అందులో ముప్పావు వంతుకి మించి తీసుకోకూడదు. దేనికి ఖర్చు పెట్టాలో కూడా చట్టంలోనే జాబితా ఉంది: ఆటలు, క్లబ్బులు, పిల్లల సంరక్షణ, న్యాయ సలహా, ఇల్లు వెతుక్కోవడంలో సాయం, ఇలాంటివి. రాజకీయ పార్టీకి గాని, ఎన్నికల్లో నిలబడ్డవాడికి గాని ఒక్క డాలరు ఇవ్వకూడదు.

అక్కడి పౌరులైతే ఆ ఫీజుని ప్రభుత్వ అప్పు ఖాతాలో వేయించుకోవచ్చు. మన పిల్లకి ఆ వీలు లేదు, చేతి నుంచి కట్టాల్సిందే. కొన్ని యూనివర్సిటీలు విదేశీ పిల్లల ట్యూషన్ ఫీజులోనే దీన్ని కలిపేస్తాయి, కొన్ని విడిగా వేస్తాయి. ఈమె బిల్లులో విడిగా ఉందంటే విడిగానే కట్టాలి. యూనియన్ సభ్యత్వం ఫారం వేరే ఉంటుంది. ఇష్టమైతే నింపుతుంది, లేకపోతే లేదు. మీ బావగారికి ఈ పేరా వరకూ చదివి వినిపించు, తరవాతది మన ఇద్దరి మధ్య.

ఇప్పుడు చెప్పాలని నేను ఉక్కిరిబిక్కిరవుతున్న సంగతి. ఆ 2005 బిల్లు ఎలా గట్టెక్కిందో తెలుసునా? జాన్ హోవార్డ్ ప్రభుత్వం, విద్యామంత్రి బ్రెండన్ నెల్సన్. అక్కడి పార్లమెంటు ఎగువసభ సెనేట్‌లో 76 మంది, అందులో ప్రభుత్వ కూటమికి 39. హాయిగా గట్టెక్కాలి. కాని సొంత కూటమిలోనే ఒకడు అడ్డం తిరిగాడు: బార్నబీ జాయిస్, క్వీన్స్‌లాండ్ నుంచి నేషనల్స్ పార్టీ. ఆ పార్టీ పల్లెటూళ్ల పార్టీ, యూనియన్లంటే దానికేమీ ముద్దు కాదు. మరి ఎందుకు తిరిగాడంటావు? పెద్ద నగరంలో యూనియన్ క్యాంటీన్ మూతపడితే గేటు బయట పాతిక హోటళ్లుంటాయి, జిమ్ములుంటాయి. చిన్న ఊళ్లో అలా కాదు. ఆ యూనియన్ డబ్బుతో నడిచే మైదానమే ఊరందరికీ మైదానం. అది పోతే ఇంకోటి లేదు. ఈ మాట చదివినప్పుడు నాకు ఎచ్చెర్ల గుర్తొచ్చింది. హైవే పక్కన అంబేద్కర్ యూనివర్సిటీ, అక్కడ పిల్లలకి ఏదైనా కావాలంటే బస్సెక్కి శ్రీకాకుళం రావాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ గేటు దాటితే ఊరంతా ఉంది. ఒకటే రూలు రెండు చోట్లా ఒకలాగే పనిచేస్తుందేటి?

సరే, 39లో ఒకడు పోతే 38. అవతల 38. ఆ సభలో ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. అప్పుడు ప్రభుత్వంతో చెయ్యి కలిపినవాడు స్టీవ్ ఫీల్డింగ్, ఫ్యామిలీ ఫస్ట్ అనే చిన్న పార్టీకి ఏకైక సెనేటర్. ఆయన విక్టోరియా నుంచి గెలిచింది ఎలా అనుకున్నావు? మొదటి ప్రాధాన్య ఓట్లు ఆ పార్టీకి రెండు శాతం కూడా రాలేదు, మిగతా పార్టీల ప్రాధాన్య ఓట్లు బదిలీ అయి గట్టెక్కాడు. విద్యార్థి యూనియన్ల మీద ఉన్న పెద్ద ఫిర్యాదేమిటి? పది మంది ఓటేస్తే గెలిచినవాళ్లు అందరి డబ్బూ ఖర్చు పెడుతున్నారని! ఆ యూనియన్లని కూలగొట్టిన ఓటూ అలాంటిదే. నవ్వకుండా ఎలా ఉండనురా.

తరవాత డబ్బు ఎండిపోయింది. సుమారు 17 కోట్ల డాలర్ల నిధులు సేవల నుంచి పోయాయని తరవాతి ప్రభుత్వమే చెప్పింది. ఆటల సౌకర్యాలకని 8 కోట్ల డాలర్ల నిధి ఒకటి పెట్టారు గాని అది భవనాలు కట్టడానికే, జీతాలకి కాదు. కొన్ని యూనియన్లు మూతపడ్డాయి, కొన్ని చోట్ల యూనివర్సిటీయే క్యాంటీన్లూ జిమ్ములూ తన చేతిలోకి తీసుకుంది. సేవ మిగిలింది, కాని దాని మీద పిల్లల మాట పోయింది. నాకు మంట అక్కడే. ఊళ్లో అమ్మవారి పండగ చందా ఇష్టమైతే ఇవ్వండి అంటే ఏమవుతుందో నీకు తెలుసు. ఇవ్వనివాడు కూడా తోలుబొమ్మలాట ముందు వరసలోనే కూచుంటాడు, మరుసటేడు ఇచ్చినవాడు కూడా మానేస్తాడు. అలాగని చందా బలవంతంగా వసూలు చేసి, ఆ డబ్బుతో కమిటీ పెద్ద తన పార్టీ బ్యానరు కట్టుకుంటే? లాంతర్లాయన బాధ అది. ఆ బాధ కూడా న్యాయమైనదే.

2011 చట్టం ఆ రెండిటి మధ్యా గీత గీసింది. కాని పూర్తిగా కాదు. డబ్బు యూనివర్సిటీ చేతిలో పడింది, అందులో యూనియన్‌కి ఎంతిస్తారన్నది వాళ్ల దయ. 2025 నుంచి కనీసం 40 శాతం విద్యార్థులే నడిపే సంస్థలకి ఇవ్వాలని రూలు పెట్టారు. చూశావా, ఇరవై ఏళ్లు తిరిగితిరిగి వచ్చి ఆగింది ‘ఎవరు సభ్యుడు’ దగ్గర కాదు, ‘డబ్బు ఎవరి ఖాతాలో’ దగ్గర.

న్యూజీలాండ్ కూడా 2012 జనవరి 1 నుంచి స్వచ్ఛందమే. ఆక్లండ్ యూనివర్సిటీలో అయితే సభ్యత్వానికి రుసుమే లేదు. ఇంగ్లండుది నాకు నచ్చిన పద్ధతి: 1994 చట్టం ప్రకారం ఎవరైనా యూనియన్‌లోంచి తప్పుకోవచ్చు, తప్పుకున్నందుకు వాడికి అన్యాయంగా ఏ లోటూ రానివ్వకూడదు. డబ్బు పిల్లవాడి జేబులోంచి కాదు, యూనివర్సిటీ గ్రాంటుగా ఇస్తుంది, కాబట్టి ‘నా వాటా వెనక్కివ్వు’ అన్న గొడవే లేదు. కెనడాలో ఒంటారియో ప్రభుత్వం 2019లో కొన్ని ఫీజులు ‘అవసరం లేనివి’, వద్దంటే కట్టక్కర్లేదు అంది, కోర్టు కొట్టేసింది. ఇంకా ఉన్నాయి, స్వీడన్, జర్మనీ... వద్దులే, కాగితం చాలదు.

మన సంగతి రాస్తే చెయ్యి ఆడటం లేదు. 1988లో మన రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు ఆపారు. ఆ ఏడు పుట్టినవాళ్ల పిల్లలు ఇప్పుడు కాలేజీ ఈడుకొస్తున్నారు. తల్లిదండ్రులూ చూడలేదు బ్యాలెట్టు, పిల్లలూ చూడబోరేమో. మనం తప్పనిసరా, స్వచ్ఛందమా అని కొట్టుకుంటున్నాం, చేరడానికి సంఘం ఉంటే కదా... పోనీ.

చట్టం మటుకు స్పష్టంగానే ఉంది. రాజ్యాంగం 19(1)(సి) సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. చేరకుండా ఉండే హక్కు కూడా అందులోనే ఉందని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే 1950ల చివర్లో, ఎలిమెంటరీ టీచర్లని సంఘంలో చేరి తీరాలన్న రూలు మీద, చెప్పింది. అంచేత మీ వీధి కుర్రాళ్లు తమ కాలేజీ సంఘానికి నిన్ను రాసిపెట్టమన్న నియమావళిలో ‘ప్రతి విద్యార్థీ విధిగా సభ్యుడు’ అన్న మొదటి వాక్యం కొట్టెయ్యి. నీకు కోపమొస్తుందని తెలుసు.

అయితే కొట్టేసి ఊరుకుంటే ఇంకో గుంటలో పడతారు, అది జాగ్రత్తగా విను. స్వచ్ఛంద సభ్యత్వంలో డబ్బు కట్టినవాడే ఓటరు. రెండువేల మంది కాలేజీలో యాభై రూపాయల చొప్పున మూడువందల మంది కట్టారనుకో, సంఘానికి పదిహేను వేలు. గడువు ఆఖరి రోజున ఒక అభ్యర్థి పదివేలు పట్టుకొచ్చి రెండువందల మంది పేరు మీద కట్టేస్తాడు. రసీదులు నిజమైనవే, డబ్బు సంఘం ఖాతాలోనే పడింది, ఆడిటరుకి ఏమీ దొరకదు. ఓట్లు మాత్రం కొనేశాడు. విద్యార్థి సంఘాల ఎన్నికలకి నియమాలు రాసిన లింగ్డో కమిటీ అభ్యర్థి ఖర్చుకి 5,000 రూపాయల పరిమితి పెట్టింది, 2006లో సుప్రీంకోర్టు అమలు చెయ్యమంది. ఈ పదివేలు వాడు ఆ లెక్కలో ఎందుకు రాస్తాడు? ‘సభ్యత్వాలు పెంచాను’ అని సన్మానం కూడా చేయించుకుంటాడు.

అందుకని ఇలా రాయి. సభ్యత్వం ముగింపు తేదీ ఎన్నికల ప్రకటనకి కనీసం నెల ముందుండాలి. ఎవరి రుసుము వాళ్లే కట్టాలి, ఫోన్ నుంచి కడితే సొంత ఖాతా నుంచే, నగదైతే ఐడీ కార్డు చూపించి సంతకం పెట్టి. రసీదు పుస్తకాలకి వరస నంబర్లు, పాడైన రసీదు చించకుండా పుస్తకంలోనే ఉంచాలి. జాబితా రోల్ నంబర్ల వరసలో నోటీసు బోర్డు మీద వారం రోజులు, అభ్యంతరాలకి ఇంకో మూడు రోజులు. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు, అందులో ఒకరు అధ్యాపకుడు. ఎన్నికల ఖర్చు లెక్క ఫలితం వచ్చిన రెండు వారాల్లో ఇవ్వాలి, అది లింగ్డోలోనే ఉంది. అచ్చు పోస్టర్లు వద్దని, చేత్తో రాసినవే అని కూడా ఉంది. మన బ్రష్షు వీరుడికి మళ్లీ గిరాకీ!

సేవలు మాత్రం సభ్యుడికీ కానివాడికీ ఒకటే. బస్సు పాస్ గొడవైనా, హాల్ టికెట్ రాకపోయినా సంఘం వెళ్లి అడగాలి, రసీదు ఉందా అనకూడదు. ఓటు, పదవి, ఈ రెండే సభ్యుడివి. ఇంకా క్లబ్బులకి డబ్బు పంచేటప్పుడు ఏ క్లబ్బు నచ్చిందని ఓటింగ్ పెట్టొద్దు. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ కేసులో 2000లో సుప్రీంకోర్టు అందరి దగ్గరా ఫీజు తీసుకోవచ్చంది గాని, అభిప్రాయం చూసి పంచకూడదంది. ఎక్కువమంది ఓటుతో పంచే పద్ధతిని అనుమానించింది. ఎందుకంటే అప్పుడు పదిమందికి నచ్చని క్లబ్బుకి ఎప్పటికీ పైసా రాదు. హాలు అద్దె ఎంత, ఎంతమంది వస్తారు, కిందటిసారి లెక్క చూపించారా, ఇంతే చూడమను.

అమ్మాయికి ఇంకొక్కటి చెప్పు. ఆ ఫీజు గడువూ ట్యూషన్ గడువూ ఒకటే కాకపోవచ్చు, బిల్లులో ఆ వరస ఎదురుగా ఉన్న తేదీ విడిగా చూసుకోమను.

ఇక కోరం, అంటే మీటింగు చెల్లడానికి కనీసం ఎంతమంది రావాలన్నది, దాని గురించి రాయాలి, నువ్వు మూడో వంతు అని పెట్టావు, అంతమంది ఏ మీటింగుకీ రారు, అలా పెడితే మొదటి ఏడే సంఘం చచ్చిపోతుంది, దానికి ఒక ఉపాయం ఉంది, వాయిదా పడిన మీటింగుకి... పక్కింటాయన కారు తీశాడు, శ్రీకాకుళమే వెళ్తున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. హారన్ కొట్టేస్తున్నాడు. వదినకి నమస్కారాలు.

నీ
రామం