ఆ పద్నాలుగు ఊళ్ల భూమి సంగతి ముందు తేల్చండి

మహారాష్ట్ర రెవెన్యూ శాఖ మంత్రి శ్రీ చంద్రశేఖర్ బావన్‌కుళే గారికి,

నమస్కారం. మరాఠీ మంత్రికి తెలుగులో ఉత్తరమేమిటని అనుకోకండి. ఇందులో సగం మీకు, మిగతా సగం హైదరాబాద్‌లో ఉన్న మా వాళ్లకు. మీ చంద్రపూర్ జిల్లా రాజురాలో తెలుగు చదివి మరాఠీలో చెప్పేవాళ్లకు కొదవ లేదు, ఒకరిని పిలిపించుకుంటే సరిపోతుంది.

నేను తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో తెలుగు మీడియం టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావే అనే, గుట్టల మీది ఆ 14 సరిహద్దు ఊళ్లలో ఒకదాంట్లో కొన్నేళ్లు ఉన్నాను. ఒకే ఊళ్లో రెండు సర్కారు బళ్లు. పిల్లలు నన్ను 'సార్' అనేవాళ్లు, మీ జిల్లా పరిషత్ బడి టీచర్ని 'గురూజీ' అనేవాళ్లు. నేను రెండో ఎక్కం మొదలుపెడితే వెనక వరసలోంచి 'బే ఏకే బే, బే దునే చార్' అని వినిపించేది. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, లేదంటే లంబాడీ లేదా గోండి. తెలుగు నా దగ్గరే నేర్చుకున్నారు. కాబట్టి భాష లెక్కన ఆ ఊళ్లు మీవే అంటే నేను వాదించను.

2025 జులైలో మీ ప్రభుత్వం ఈ ఊళ్లను చంద్రపూర్ జిల్లాలో పూర్తిగా కలుపుకునే పని మొదలుపెట్టిందని మీరు ప్రకటించారు. ఆ వార్త చూసి నాకు సంతోషం కన్నా టెన్షనే ఎక్కువైంది.

పాత కథ మీకు తెలిసిందే. నిజాం కాలంలో రాజురా తాలూకా మా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు కిన్వట్‌తో పాటు రాజురా కూడా బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. మొదట నాందేడ్ జిల్లాలో, 1959 నుంచి చంద్రపూర్‌లో. కాగితం మీద గీత పడింది కానీ గుట్ట మీద పడలేదు. పరందోళి, అంతాపూర్, ముకద్దంగూడ, మహరాజ్‌గూడ లాంటి ఊళ్లు మీ లెక్కలో జివతి తాలూకా, మా లెక్కలో కెరమెరి మండలం. ఇద్దరు సర్పంచులు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రపూర్‌కూ ఆదిలాబాద్‌కూ ఏప్రిల్ 11నే పోలింగ్. 2024లో కాస్త ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది, అక్కడ ఏప్రిల్ 19న, ఇక్కడ మే 13న. రెండు చోట్ల ఓటరుగా నమోదు కాకూడదని 1950 నాటి చట్టం చెబుతుంది. కానీ ఆ కార్డులు వీళ్లు దొంగతనంగా చేయించుకున్నవి కావు. రెండు సర్కార్లూ ఇంటికి తెచ్చి ఇచ్చినవే.

బయటివాళ్లకు ఇదంతా తమాషా. 'వాళ్లకేం, రెండు చేతులా సంపాదన' అంటారు. నేనూ మొదట్లో అన్నవాణ్నే. బియ్యం రెండు వైపులా వస్తాయి, నిజమే. మరి భూమి? నలభై, యాభై ఏళ్లుగా దున్నుతున్న చేనుకు చాలామందికి మీ భూమి రికార్డు సాత్‌బారాలో పేరు లేదు, మా పట్టా పాస్‌బుక్కూ లేదు. పాస్‌బుక్ లేకపోతే రైతు భరోసా రాదు, బ్యాంకు పంట లోన్ ఇవ్వదు. పత్తి వేయడానికి సేటు దగ్గర వడ్డీకి తెచ్చుకోవాల్సిందే. ఒకసారి ఒక రైతుకు అర్జీ రాసిపెట్టి, తోడుగా నేనూ ఒక ఆఫీసుకు వెళ్లాను. 'అది అవతలి రాష్ట్రం కదా' అన్నారు. అవతలికి వెళ్తే 'ఇది ఫారెస్టు' అన్నారు. రెంటికి చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ రోజు బస్సులో వెనక్కి వస్తూ తెలుసుకున్నాను.

మంత్రిగారూ, నా అసలు భయం ఇక్కడే. ఈ ఊళ్లలో ఎక్కువమంది మరాఠ్వాడా నుంచి వచ్చి స్థిరపడిన మాంగ్, బంజారా కుటుంబాలు. చాలామంది వచ్చింది 1972 కరువు ముందూ వెనకా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఎస్టీ అయితే 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉంటే చాలు. ఎస్టీ కాకపోతే ఆ తేదీకి ముందు 75 ఏళ్లు, అంటే 1930 నుంచి అడవిలోనే ఉన్నట్టు రుజువు చూపాలి. కరువుకు వచ్చినవాడు ఆ రుజువు ఎక్కడ తెస్తాడు? ఇక బంజారాలు మా దగ్గర ఎస్టీలు, మీ దగ్గర విముక్త జాతి, అంటే ఎస్టీల కిందికి రారు. తమను ఎస్టీల్లో చేర్చమని 2025 సెప్టెంబర్‌లో మీ బంజారాలే నిజాం కాలపు హైదరాబాద్ గెజిట్ పట్టుకుని రోడ్డెక్కారు కదా. ఈ గుట్ట మీది బంజారాకు తెలంగాణ లెక్కలో ఆ హోదా ఇప్పటికే ఉంది. మీరు కలుపుకున్న రోజు అది పోతుంది. దాంతో పాటు చేను మీద పట్టా అడిగే దారీ మూసుకుపోతుంది. మా హాస్టల్లో చదివి ఎస్టీ సర్టిఫికెట్‌తో ఉద్యోగానికి అప్లై చేసుకున్న పిల్లవాడి గతేమిటి? దీని మీద మీ వైపు నుంచి ఒక్క మాట కూడా నా చెవిన పడలేదు.

మాంగ్ కుటుంబాలకు ఆ ఇబ్బంది లేదు, రెండు చోట్లా ఎస్సీలే. వాళ్లలో చాలామంది మీ వైపే మొగ్గవచ్చు. తప్పు లేదు. కానీ వాళ్లకైనా భూమి దక్కాలంటే అటవీ భూమిని ఆ లెక్క నుంచి తప్పించాలి, దానికి కేంద్రం అనుమతి కావాలి. ఆ ఫైలు మీరే కదపాలి.

అందుకని నేను అడిగేది ఒకటే. విలీనం నోటిఫికేషన్ కన్నా ముందు సర్వే చేయించండి. చంద్రపూర్, ఆసిఫాబాద్ కలెక్టర్లు ఒకే రోజు, ఒకే చెట్టు కింద కూర్చుని, ఎవరి చేను ఎంత, ఎన్నేళ్ల నుంచి దున్నుతున్నారో ఊరి ముందే రాయించాలి. ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల గురించి ఏం చేస్తారో మరాఠీలో కాగితం మీద పెట్టి గ్రామసభలో చదవాలి. ఆ తర్వాత ఎటు ఉంటారో వాళ్లనే అడగండి. మా రెవెన్యూ మంత్రిగారు కూడా ఇందులో తప్పించుకోవడానికి లేదు. ఇన్నేళ్లు ఓట్లు అడిగి, 'కోర్టులో ఉంది' అంటూ కాలం గడిపింది మా వాళ్లు కూడా.

వీలైతే మీరే ఒకసారి రండి. గడ్‌చాందూర్ మీదుగా జివతి ఎక్కి రావచ్చు. వానాకాలంలో కాకుండా, పత్తి ఏరే రోజుల్లో వస్తే జనం చేన్లలోనే దొరుకుతారు. ఎవరి చేను ఎక్కడి దాకా ఉందో మీకు అక్కడే చూపిస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
ఆసిఫాబాద్