పిల్లల చానళ్లలో లావు పిల్లాడు ఎప్పుడూ ఎందుకు పడిపోవాలి? కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను తిరుపతి జిల్లాలో ఒక హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల సారుని. పిల్లల టీవీ కార్యక్రమాల గురించి ఇంతకుముందు రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. అవి ఏ బల్ల మీద ఆగాయో తెలియదు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. టీవీ కార్యక్రమాల నియమాలు మీ శాఖవే, వాటి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

మా ఆరో తరగతిలో కాస్త బొద్దుగా ఉండే పిల్లాడున్నాడు. డ్రిల్ పీరియడ్ అనగానే వాడికి కడుపునొప్పి వస్తుంది. ఒకరోజు బలవంతాన లైన్లో నిలబెట్టి విజిల్ వేశాను. వాడు అడుగు వేసినప్పుడల్లా, వేపచెట్టు కింద కూర్చున్న పిల్లలు నోటితో "ధబ్... ధబ్..." అని శబ్దం చేయడం మొదలుపెట్టారు. అందరూ ఒకేసారి, అడుగుకు సరిగ్గా సరిపోయేటట్టు. ఎక్కడ నేర్చుకున్నారా అనుకున్నాను. సాయంత్రం ఇంట్లో మా పాప కార్టూన్ పెట్టుకుంటే తెలిసింది. లావు బొమ్మ నడిస్తే నేల అదురుతుంది, కూర్చుంటే కుర్చీ విరుగుతుంది, పరిగెత్తితే జారి బురదలో పడుతుంది. ప్రతిసారీ అదే శబ్దం, వెనక నవ్వులు.

ఆ పిల్లాణ్ణి బళ్లో కాలియా అనే పిలుస్తారు. ఛోటా భీమ్‌లో అసూయపడే లావు పిల్లాడి పేరది. 2008లో వచ్చిన ఆ కార్యక్రమం మన హైదరాబాద్‌లో తయారైందని మేమూ గర్వపడ్డాం. భీమ్ మంచివాడు, కాదనను. కానీ "ఎందుకురా పరిగెత్తవు?" అని అడిగితే మా వాడు ఏమన్నాడో తెలుసా సార్? "నేను పరిగెత్తితే కామెడీగా ఉంటుంది సార్" అన్నాడు. పదకొండేళ్ల పిల్లాడు!

అదే పిల్లాడు అమ్మానాన్నలతో అలిపిరి నుంచి నడిచి కొండెక్కాడు. మూడున్నర వేల పైచిలుకు మెట్లు. మోకాళ్ల మెట్టు దగ్గర నాలాంటివాళ్లే ఆయాసపడి కూలబడతారు. అక్కడ వాణ్ణి చూసి ఎవరూ ధబ్ ధబ్ అనలేదు, పక్కన నడిచేవాళ్లు గోవిందా అన్నారు. వాడి కాళ్లలో లోపమేమీ లేదు.

ఇక బలం ఎలా వస్తుందో చూపించే తీరు. భీమ్ నోట్లో లడ్డూ పడగానే కండలు ఉబ్బుతాయి. మోటూ పత్లూ కార్టూన్‌లో మోటూకు సమోసా తగలగానే ఎక్కడలేని శక్తీ వస్తుంది. తిరుపతిలో ఉంటూ లడ్డూ మీద మాట అనడానికి నోరు రాదు గానీ, లడ్డూ తింటే బలం వచ్చేటట్టయితే ఈపాటికి ఒలింపిక్ మెడల్స్ అన్నీ మా ఊళ్లోనే ఉండాలి. పొద్దున్నే లేచి పరిగెత్తడం, మొదటి వారం ఒళ్లు నొప్పులు, నెలకు గానీ కనిపించని తేడా... ఇవేవీ కథలో ఉండవు. వ్యాయామం చాలాసార్లు సారు వేసే శిక్షగానో, డంబెల్ కాలి మీద పడే జోకుగానో వస్తుంది. డోరేమాన్‌లో నోబితా ఆటల్లో పనికిరానివాడు, ఒళ్లున్న జియాన్ కొట్టేవాడు. బక్కగా ఉంటే చేతగానివాడు, లావుగా ఉంటే రౌడీ. మధ్యలో మా బడి పిల్లలు ఎక్కడ నిలబడాలి సార్?

ఆడపిల్లల సంగతి ఇంకోరకం. కార్టూన్లలో ఆడపిల్ల బొమ్మంటే ఎక్కువగా వేలెడు నడుము, పెద్ద కళ్లు, పక్కన నిలబడి చప్పట్లు. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే చిక్కీని ఎనిమిదో తరగతి పిల్ల పక్కపిల్లకు ఇచ్చేస్తోంది, "లావైపోతాను మేడం" అని మా లెక్కల మేడంతో చెప్పిందట. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఫోటో గోడకు అంటించాను. "ఈమె ఎవరు సార్, ఇంత గట్టిగా ఉంది" అని అడిగారు. మన రాష్ట్రపు ఆడబిడ్డే, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. పిల్లల చానల్లో ఆమెలాంటి ఒళ్లున్న అమ్మాయి హీరోయిన్‌గా ఎప్పుడైనా వచ్చిందా? చెప్పండి, నేనూ పిల్లల్ని కూర్చోబెట్టి చూపిస్తాను.

నాకు అసలు మింగుడుపడనిది ఇది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లల్లో తమ ఒంటి మీద తమకే చిన్నచూపు కలిగించే ప్రకటన ఉండకూడదని అందులో ఉంది. చాలా సంతోషం. అంటే అర నిమిషం ప్రకటన పిల్లాణ్ణి సిగ్గుపడేలా చేస్తే తప్పు, దాని ముందూ వెనకా వచ్చే అరగంట కార్యక్రమం అదే పని చేస్తే వినోదం! ఆ మార్గదర్శకాలు వినియోగదారుల వ్యవహారాల శాఖవి, మాకు సంబంధం లేదంటారేమో. మరి 1994 కేబుల్ టీవీ నియమాలు మీవే కదా. పిల్లల్ని కించపరిచే కార్యక్రమం వేయకూడదని అందులోనే రాసుంది.

ఫిర్యాదు చేయమంటారు. చేశాం. ఆ కేబుల్ టీవీ నియమాలకు 2021లో చేసిన సవరణ ప్రకారం ఫిర్యాదును చానల్ పదిహేను రోజుల్లో తేల్చాలి. ఒక చానల్‌కు పంపిస్తే అందిందని మెయిల్ వచ్చింది, ఆ తర్వాత చడీచప్పుడు లేదు. జిల్లా స్థాయిలో టీవీ కార్యక్రమాలు గమనించే కమిటీ ఉండాలని మీ శాఖ ఉత్తర్వులున్నాయి. దాని గురించి ఒక ఆఫీసులో అడిగితే, అక్కడి గుమాస్తా నా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి "కేబుల్ బిల్లు ఎక్కువ వేశారా సార్?" అన్నాడు. ఆయన్ని అనుకోను, ఆయనకెవరు చెప్పారు గనక. ఇంకోచోట "టీవీ కట్టేయొచ్చు కదా" అని సలహా ఇచ్చారు. మా పిల్లల తల్లులు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి చీకటిపడ్డాక ఇల్లు చేరతారు. అప్పటిదాకా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది ఆ టీవీయే. ఎవరు కట్టేస్తారు?

2019లో ఫిట్ ఇండియా ఉద్యమం మొదలుపెట్టారు. ప్రతిజ్ఞ చేయించమంటే చేయించాం, ఫోటోలు అప్‌లోడ్ చేయమంటే చేశాం. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజూ సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గ్రౌండ్‌లో నేను పెట్టే గంటను ఇంట్లో కార్టూన్ ఎగతాళి చేస్తుంటే ఆ ప్రతిజ్ఞలన్నీ ఎవరి కోసం సార్? (మా గ్రౌండ్‌లోని ముళ్లకంపల సంగతి రాష్ట్ర ప్రభుత్వానికి వేరే రాసుకుంటాను లెండి.)

కార్టూన్లు ఆపేయమని అడగడం లేదు. మా పాపే నన్ను ఇంట్లోకి రానివ్వదు. ప్రకటనలకు పెట్టిన షరతును పిల్లల కార్యక్రమాలకూ పెట్టండి. జిల్లా కమిటీలు ఉన్నాయో లేవో చెప్పించండి, ఉంటే కూర్చోమనండి. అందులో ఒక పీఈటీకి చోటివ్వండి. లావు పిల్లాడు గెలిచే కథలు కూడా నాలుగు తీయమని చానళ్లకు మీరు ఒక్క మాట చెబితే వింటారు. మేం చెబితే వినడం లేదు. కనీసం ఈ ఉత్తరానికైనా జవాబు ఇప్పించండి. కమిటీ కూర్చునే రోజు తెలియజేస్తే సెలవు పెట్టుకుని సొంత ఖర్చులతో వస్తాను.

ఇట్లు,
ఒక పీఈటీ,
తిరుపతి జిల్లా