చివరి రోజుల నొప్పికి మందు విశాఖలోనేనా?

సంపాదకులకు,

మా నాన్నగారు 81వ ఏట, సోంపేట దగ్గరి మా ఊళ్లో, పేగు క్యాన్సర్‌తో చివరి ఏడు వారాలూ మంచం మీదే గడిపారు. ఇక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పిన నాటి నుంచి ఆయన కన్నుమూసేదాకా మా గడప తొక్కిన ఆరోగ్య సిబ్బంది ఆశా కార్యకర్త ఒక్కరే. పాపం, ఆమె సంచిలో ఉన్నవి జ్వరం మాత్రలే. నడుము కింద పుండు పడిందని మేము గమనించేసరికే అది అరచేతి వెడల్పయింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, పాత దుప్పటిని నడుము కింద మడిచి వేసి ఇద్దరం ఎత్తి తిప్పే పద్ధతి మేము మొదటి వారంలోనే నేర్చుకునేవాళ్లం. రాత్రుళ్లు ఆయన నొప్పితో పిడికిలి బిగించి మంచం పట్టె మీద కొట్టుకునేవారు.

ఆ నెలల్లోనే విశాఖలో మా పెద్దమ్మ ఇలాంటి జబ్బుతోనే పోయింది. ఆమె ఇంటికి వారానికి రెండుసార్లు నర్సు వచ్చి కట్టు మార్చి, తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్రలు ఏ వేళకు ఎన్ని వేయాలో కాగితం మీద రాసిచ్చేది. పోయే ముందు రోజు కూడా ఆవిడ మనవరాలితో మాట్లాడింది. జబ్బులో తేడా లేదు; రెండిళ్ల మధ్య రెండు వందల కిలోమీటర్ల దూరమే తేడా.

మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. కానీ అది మాదకద్రవ్యాల కోవలోకి వస్తుంది గనుక, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి చాలా ఆసుపత్రులు దాన్ని దగ్గర పెట్టుకోవడమే మానుకున్నాయి. ఆ ఇబ్బంది తొలగించడానికే 2014లో చట్టాన్ని సవరించి, ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే ఒకే గుర్తింపుతో ఆసుపత్రులు ఆ మందు ఉంచుకునే వీలు కల్పించారు. నయం కాని జబ్బుల్లో నొప్పిని, బాధను తగ్గించే ఉపశమన చికిత్సకు జాతీయ కార్యక్రమం అంతకు ముందే, 2012లో మొదలైంది. కేరళ 2008లోనే దీనికొక విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను మంచం పట్టినవారి ఇళ్లకు పంపుతోంది. చట్టం అడ్డు తొలగి పదేళ్లు దాటినా మా నాన్నగారి మంచం దాకా ఆ మందు రాలేదు.

మా ప్రాంతానికి ఇది మరింత అవసరం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను పట్టి పీడిస్తోందో కొత్తగా చెప్పనక్కరలేదు. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, రోగులకు పింఛను అందుతోంది, పలాసలో 2023 డిసెంబరులో పెద్దాసుపత్రి కూడా తెరిచారు; వీటి విలువను నేను తక్కువ చేయడం లేదు. అయితే వయసు మీదపడి, ఇక డయాలసిస్‌కు వెళ్లలేనని చెప్పేసిన మనిషికి ఆయాసం, ఒళ్లంతా దురద, నిద్రలేమి ఇంట్లోనే అనుభవించక తప్పడం లేదు. కిడ్నీలు పనిచేయనివారికి మార్ఫిన్ మోతాదు ఎంతో జాగ్రత్తగా చూసి ఇవ్వాలి గనుక, అది ఇంట్లోవాళ్లు ఊహించి వేసే మందు కాదు. శిక్షణ పొందిన వైద్యుడు ఉండాలి. పైగా పిల్లలు హైదరాబాదుకో చెన్నైకో బతుకుదెరువుకు వెళ్లిన ఇళ్లలో, డెబ్బై ఏళ్ల భార్యే ఒంటరిగా డెబ్బై అయిదేళ్ల భర్తను ఎత్తి కూర్చోబెట్టాల్సి వస్తోంది.

అందుకే ఆరోగ్య శాఖ అధికారులకు నా విన్నపం. టెక్కలి, పలాస, రాజాం ప్రభుత్వ ఆసుపత్రులలో ఒక్కొక్క వైద్యుడికి, ఇద్దరేసి నర్సులకు ఉపశమన చికిత్సలో శిక్షణ ఇప్పించి, మార్ఫిన్ ఎల్లప్పుడూ నిల్వ ఉండేలా చూడాలి. వారానికి ఒక రోజైనా ఆ నర్సులు వాహనంలో ఊళ్లకు వెళ్లాలి. మంచం పట్టినవారు ఏ వీధిలో, ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్తలకు తెలుసు. మా ఊళ్లోనే ఇప్పుడు ముగ్గురున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా