ఫార్చ్యూనర్ నాజిళ్ల గురించి బాబాయికి ఉత్తరం

పెర్త్, ఆస్ట్రేలియా

బాబాయ్ గారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. పిన్ని మోకాలి నొప్పి కాస్త తగ్గిందని చిన్నోడు చెప్పాడు. తగ్గింది కదా అని మందులు మానేస్తుందేమో, మానొద్దన్నానని చెప్పండి.

మీరు ఫోన్లో అడిగిన ఫార్చ్యూనర్ సంగతి తీరిగ్గా రాస్తానన్నాను కదా, అదే ఇది. ఫోన్లో చెబుదామంటే మీ షెడ్డు కంప్రెసర్ మోతకు నా మాట సగమే చేరుతుంది, మిగతా సగంలోనే అసలు విషయం ఉంటుంది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పని మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. పానా పట్టడం నేర్చుకున్నదే మీ దగ్గర. కాకపోతే ఈ ఒక్క ఇంజన్ ఇక్కడ నా చేతి మీదుగా చాలా పోయింది, ఆ ధైర్యంతో రాస్తున్నా.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమని కొట్టుకుంటోందనీ, వేడెక్కాక సర్దుకుంటోందనీ అన్నారు. ఆయిల్ మూత తీస్తే గ్యాస్ ఎగదన్నుతోందనీ, కొత్త ఆయిల్ కొద్ది రోజులకే తారులా అయిపోతోందనీ అన్నారు. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడటం మామూలే, చిక్కబడటం మాత్రం మామూలు కాదు. నాలుగు నాజిళ్లూ పోయాయి, కొత్తవి వేయించెయ్యమని ఎవరో ఓనరుకి చెప్పారట. తొందరపడొద్దు బాబాయ్. నాజిళ్లు పోయి ఉండొచ్చు, పోకపోయి ఉండొచ్చు. నా అనుమానం మాత్రం వాటి కింద కూర్చునే రాగి వాషర్ల మీద. నాలుగు నాజిళ్ల ఖరీదెక్కడ, నాలుగు వాషర్ల ఖరీదెక్కడ!

మన దగ్గర 2009 నుంచి 2016 దాకా వచ్చిన 3 లీటర్ల ఫార్చ్యూనర్‌లో ఉన్నది 1కేడీ ఇంజన్. ఇక్కడి హైలక్స్‌లో, ప్రాడోలో 2015 దాకా అదే. పాత ఇన్నోవాలో ఉండే రెండున్నర లీటర్ల 2కేడీ దీనికి తమ్ముడే. కాబట్టి నేను రాసేది మీ షెడ్డుకొచ్చే ఇన్నోవాలకూ చాలావరకు పనికొస్తుంది. ఇక్కడ హైలక్స్ లేని పల్లె ఉండదు. గొర్రెల రైతులు, గనుల వాళ్లు, వెనక కారవాన్ కట్టుకుని దేశమంతా తిరిగే రిటైరైన ముసలాళ్లు, అందరికీ అదే. లక్షల కిలోమీటర్లు తిప్పుతారు, అందుకే ఈ వాషర్ల జబ్బు ఇక్కడ మెకానిక్కులందరికీ తెలుసు.

జబ్బు ఇలా వస్తుంది. నాజిల్ మూతి హెడ్డులో కూర్చునే చోట సిలిండర్ మంటను ఆపేది ఆ పల్చటి రాగి వాషరే. ఏళ్ల తరబడి వేడికి, దెబ్బకి అది అరిగిపోతుంది, లేదా అది కూర్చునే సీటు మీద మసి ఉండి సరిగ్గా కూర్చోదు. అప్పుడు మండిన గ్యాస్ మసితో సహా నాజిల్ పక్కనుంచి పైకి తన్నుతుంది. వేరే ఇంజన్లలో అయితే నాజిల్ చుట్టూ నల్లటి జిగురు బయటికే కనపడుతుంది, చూసి పట్టేస్తాం. ఇందులో నాజిల్ మొదలు ట్యాపెట్ కవర్ కింద, అంటే హెడ్డు పైన మూత లోపల ఉంటుంది. వచ్చిన మసంతా కవర్ లోపలే ఆయిల్లో కలిసి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగుతుంది. అక్కడ స్ట్రైనర్ జల్లెడకు పట్టి గట్టిపడుతుంది. పంపుకి ఆయిల్ అందదు. ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగే వేళకి టర్బోకి, బేరింగులకి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

అందుకే మొదట నాజిళ్ల జోలికి పోకండి, చాంబర్ కింది రేకు విప్పి స్ట్రైనర్ చూడండి. జల్లెడ సగానికి పైగా మూసుకుపోయి ఉంటే, నాజిళ్లు ఎంత బాగా చేసినా ఆ బండి బతకదు. ఓనరుని పిలిచి కళ్లారా చూపించండి. తర్వాత బిల్లు దగ్గర వాదన ఉండదు.

ఇక విప్పే పని. ఒక్క మాట ముందే చెప్పాలి, కోప్పడకండి. మనం ట్రాక్టర్ మిస్సింగ్ కొడితే ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ పలకట్లేదో చూసేవాళ్లం. కామన్ రైల్ మీద, అంటే ఒకే గొట్టంలోంచి అన్ని నాజిళ్లకీ పెద్ద ప్రెషర్‌తో డీజిల్ పోయే ఇలాంటి ఇంజన్ మీద, ఆ పని ఎప్పుడూ చెయ్యకండి, చిన్నోణ్ని అసలే చెయ్యనివ్వకండి. ట్రాక్టర్ నాజిల్ 200 బార్ ప్రెషర్ దగ్గర తెరుచుకుంటుంది. ఇక్కడ రైల్లో ఐడిలింగ్‌లోనే 300 ప్రాంతంలో ఉంటుంది, లోడ్ మీద వెయ్యి దాటిపోతుంది. ఆ జెట్ తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చూస్తే సూది గుచ్చినంత చుక్కే. నొప్పి కూడా వెంటనే ఉండదు, కొన్ని గంటల్లో లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. వేలు పోయినవాళ్లున్నారు. ఎప్పుడైనా ఎవరికైనా తగిలితే పసుపు పెట్టి కట్టు కట్టకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ప్రెషర్ మీదున్న డీజిల్ లోపలికి వెళ్లిందని డాక్టరుకి చెప్పాలి. ఏ సిలిండర్ బలహీనంగా ఉందో స్కానర్లో చూడండి. ఒక్కో సిలిండర్‌కి కంప్యూటర్ ఎంత డీజిల్ కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో కనపడుతుంది. మిగతా మూడింటికీ దూరంగా ఉన్నదాన్ని అనుమానించాలి.

ఇంజన్ ఆపాక రైల్లో ప్రెషర్ దిగేదాకా ఆగండి. టీ తాగి రండి. బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యండి. తర్వాత అన్నిటికంటే విసుగు పుట్టించే పని, కడగడం. పైన ఇంటర్‌కూలర్ తీశాక నాజిళ్ల చుట్టూ, పైపు నట్ల దగ్గర పేరుకున్న మట్టి, ఇసుక మొత్తం బ్రష్షు పెట్టి కడిగి గాలి కొట్టాకే ఒక్క నట్టైనా వదులు చెయ్యాలి. మాకిక్కడ ఎర్రమట్టి, మీకక్కడ ఆటోనగర్ దుమ్ము, రెండూ ఒకటే. నాజిల్ లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. కంటికి కనపడని రేణువు చాలు దాన్ని పాడు చెయ్యడానికి. పైపు ఊడగానే రెండు చివరలా ప్లాస్టిక్ మూతలు పెట్టెయ్యండి. కాటన్ వేస్ట్ మాత్రం కుక్కొద్దు బాబాయ్, పోగులు లోపలికి పోతాయి. నాజిళ్ల మీద, పైపుల మీద 1, 2, 3, 4 అని గుర్తు పెట్టుకోవాలి, ఎక్కడిది అక్కడికే పోవాలి.

కవర్ తీశాక లోపల, నాజిళ్లలో మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపే రిటర్న్ పైపు ఉంటుంది, దాని బోల్టులకి కూడా చిన్న వాషర్లుంటాయి. అవి కారినా ప్రమాదమే, డీజిల్ ఆయిల్లో కలిసి మట్టం పెరుగుతుంది. నాజిల్‌ని అదిమి పట్టే క్లాంప్ బోల్టు తీశాక కూడా నాజిల్ ఊరికే రాదు, మసి పట్టేసి ఉంటుంది. రాత్రి పూట తుప్పు వదిలించే ఆయిల్ పోసి వదిలెయ్యండి. పొద్దున్న నాజిల్‌ని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పి కదిలించి, స్లైడ్ హ్యామర్‌తో నిటారుగా పైకి లాగాలి. టామీ పెట్టి పక్కకి ఎత్తారంటే అల్యూమినియం హెడ్డు నొక్కుకుపోతుంది, లేదా నాజిలే వంగుతుంది. కింద నాజిల్ మూతికి కానీ, పైన కనెక్టరుకి కానీ సుత్తి దెబ్బ తగలకూడదు.

నాజిల్ బయటికి రాగానే మొదట వాషరు దాంతో వచ్చిందా లేదా చూడండి. చాలాసార్లు కిందే సీటుకి అతుక్కుని ఉండిపోతుంది. మసి రంగూ దాని రంగూ ఒకటే కాబట్టి లైటు వేసినా వెంటనే తెలియదు. ఇక్కడికి ఒక రైతు హైలక్స్ వచ్చింది. అంతకుముందు ఎక్కడో వాషర్లు మార్పించుకున్నాడు, అయినా మోత తగ్గలేదు. విప్పితే మూడో సిలిండర్‌లో పాత వాషరు మీదే కొత్తది కూర్చుని ఉంది. రెండు వాషర్ల మందంతో నాజిల్ పైకి లేస్తుంది, డీజిల్ పిస్టను గుంటలో పడాల్సిన చోట పడదు, గ్యాస్ కూడా ఆగదు. ఆ పాతదాన్ని సన్నటి కొక్కెంతో, అదీ సీటు గీరుకోకుండా తీసేసరికి నాకు చెమటలు పట్టాయి. తీసిన నాలుగు వాషర్లూ బెంచీ మీద వరసగా పెట్టుకుని లెక్క చూసుకోండి, టెన్షన్ ఉండదు.

సీటు శుభ్రం చెయ్యడమే ఈ పని మొత్తానికి ప్రాణం. మిగతాదంతా విప్పడం, బిగించడం. సీటు కట్టరుకి గ్రీజు దట్టంగా పూసి చేత్తోనే మెల్లగా తిప్పాలి, డ్రిల్ మిషను పెట్టొద్దు. రేగిన మసి గ్రీజుకి అంటుకుని బయటికొస్తుంది, సిలిండర్‌లో పడదు. తీసి తుడిచి, మళ్లీ గ్రీజు పూసి తిప్పండి. లోహం కోతకు వస్తోందనిపిస్తే ఆపెయ్యండి, మనక్కావలసింది మసి పోవడమే. తర్వాత చిన్న కెమెరా పెట్టి చూస్తే సీటు చుట్టూ తెగకుండా ఒకే మెరుపు గీత కనపడాలి. ఎక్కడైనా నల్లటి చుక్క అడ్డొచ్చిందంటే గ్యాస్ రేపు అక్కడి నుంచే దారి చేసుకుంటుంది. ఆ కెమెరా ఫోనుకి తగిలించేది చవగ్గానే దొరుకుతుంది, చిన్నోడితో తెప్పించండి. నాజిల్ మూతిని మాత్రం వైరు బ్రష్షు మిషను మీద పెట్టకండి, ఆ రంధ్రాలు వెంట్రుకంత సన్నం.

వాషర్లు కొత్తవే వెయ్యాలి. పాతవాటిని మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మళ్లీ వాడతామని మీరంటారని నాకు తెలుసు. రాగి మెత్తబడేమాట నిజమే. కానీ నొక్కుకుపోయిన మందం తిరిగి రాదు, మీద పడ్డ గీతలు పోవు. పాత ట్రాక్టర్ దాన్ని ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు. ఆ మందం మీదే మూతి ఎంత కిందికి దిగాలన్నది ఆధారపడుతుంది. పార్ట్ నంబరు చెప్పి అసలువే తెప్పించండి, కొలతకి దగ్గరగా ఉందని దొరికిన వాషరు వెయ్యొద్దు. ఓ-రింగులు, కవర్ సీళ్లు, రిటర్న్ పైపు వాషర్లు కూడా అదే దెబ్బలో మార్చెయ్యండి. నాజిల్ మార్చాల్సి వస్తే దాని పైపు కూడా మార్చమని కంపెనీ పుస్తకంలో ఉంది, పాత పైపు మూతి కొత్త నాజిల్‌కి సరిగ్గా అమరదు.

బిగించేటప్పుడు వాషరు జారిపోకుండా కొంచెం గ్రీజు చాలు. క్లాంపు చేత్తో పట్టించి వదిలి, పైపు నట్లు కూడా చేత్తోనే ఎక్కించండి. అన్నీ వాటి వాటి వరసలో కూర్చున్నాక ముందు క్లాంపు, తర్వాత పైపులు టార్క్ రెంచితో బిగించాలి. పైపు ముందే బిగిస్తే నాజిల్ వంకరగా కూర్చుంటుంది. ఎంత టార్కో ఆ ఇంజన్ పుస్తకంలో చూసే పెట్టండి. మీ చేతి అంచనా మీద నాకు నమ్మకముంది, అయినా ఇక్కడ రెంచి మాటే వినండి. కవర్ మూసేముందు రిటర్న్ పైపుకి గాలి పెట్టి కారుతోందేమో చూసుకోవాలి. మూశాక తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

డీజిల్ ఫిల్టర్ మీద చేత్తో కొట్టే ప్రైమర్ పంపు గట్టిపడేదాకా కొట్టి, తర్వాత స్టార్టర్ తిప్పండి. ఒకేసారి చాలాసేపు తిప్పకుండా ఆగి ఆగి తిప్పాలి. ఎయిర్ అదే పోతుంది, నట్లు వదులు చెయ్యక్కర్లేదు. స్టార్టయ్యాక లీకు చూడటానికి చెయ్యి పెట్టొద్దు, అట్టముక్క పెట్టి చూడండి.

కొత్త నాజిల్ వేస్తే దాని తల మీద అక్షరాలూ అంకెలూ కలిపి పొడుగ్గా ఒక కోడ్ ఉంటుంది. కవర్ మూసేలోపే ఫోటో తీసి పెట్టుకోండి. ప్రతి నాజిల్‌కీ ఉండే చిన్న చిన్న తేడాలు ఆ కోడ్‌తోనే కంప్యూటర్‌కి తెలుస్తాయి. అది స్కానర్‌తో ఎక్కించకపోతే బండి నడుస్తుంది కానీ ఐడిలింగ్‌లో వణుకు, పొగ పోవు. అప్పుడు నాజిల్ డూప్లికేట్ అని కొట్టువాడితో గొడవ పెట్టుకోవడం అనవసరం. పాతవే ఎక్కడివి అక్కడ వేస్తే ఈ బాధ లేదు.

ఆయిల్, ఫిల్టరు ఆ రోజే మార్చండి. వెయ్యి కిలోమీటర్లకి మళ్లీ మార్పించుకొమ్మని ఓనరుకి గట్టిగా చెప్పండి, లోపల మిగిలిన మసి కడుక్కుని దిగుతుంది. అప్పుడు మరోసారి స్ట్రైనర్ విప్పి చూడాలి. ఒప్పుకోకపోతే బిల్లు మీద రాసి సంతకం తీసుకోండి.

సీటు కట్టరు మీ దగ్గర ఈ సైజుది ఉందో లేదో చెప్పండి. మా షెడ్డులో పనిచేసే గుడివాడ అతను వచ్చే నెల ఇంటికొస్తున్నాడు, అతనితో పంపిస్తాను. కెమెరా ఫోటోలు చిన్నోణ్ని వాట్సాప్‌లో పెట్టమనండి, సీటు చూసి చెబుతాను.

పిన్నికి నమస్కారాలు, చిన్నోడికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి